ప్లానులో కింది మూల

నగరం నడుమ ఆరుబయట పంటల పరిశోధనకు మడులు కావాలని వచ్చిన శాస్త్రవేత్తను ప్లానింగ్ ఆఫీసరు నెల రోజులు తిప్పాడు. ఆఖరికి ప్లాను బల్ల మీద పరిచి, పై అంచున తానే ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీశాడు.

"ఉత్తరం వైపు ఇళ్లున్నాయి. మా చెల్లెలుండేదీ అక్కడే. ఈ వంద మీటర్లలో ఒక్క మొక్క కూడా నాటడానికి లేదు."

"మీరెలా గీస్తే అలాగే సార్," అన్నాడు శాస్త్రవేత్త. కాగితం ఎగరకుండా కింది మూలన అరచెయ్యి ఆనించాడు. ముద్ర పడింది.

నాట్లు మొదలైన వారానికి చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మా గోడకి ఆనుకునే కంచె వేశారు. ముసుగులేసుకుని ఏదో మందు కొడుతున్నారు."

"నీ మొహం. నేను గీసిన గీత నాకు తెలీదా?" అంటూనే ప్లాను తీశాడు.

ఇరవై ఏళ్లుగా అతను చూసిన ప్రతి ప్లానులోనూ ఉత్తరం పైనే. ఇందులో మాత్రం, ఆ అరచెయ్యి ఆనిన మూలన, దిక్కు చూపే గోరంత బాణం కిందికి చూస్తోంది. తను అంత పట్టుబట్టి కాపాడింది దక్షిణాన ఉన్న మురుగుకాలువని.

"పిల్లల్ని బయటికి రానివ్వొద్దని ఇప్పుడొచ్చి చెబుతున్నారు," అంటోంది చెల్లెలు. "మా పిల్లలేమో పొద్దుటి నుంచీ పెరట్లోనే ఉన్నారు."