గుద్దినవాడి ఇల్లు

“ఆ గుద్దినవాడి ఇల్లు అమ్మించెయ్యండమ్మా! తప్పేముంది? కళ్ళు నెత్తికెక్కి బండి నడిపాడు, అనుభవించనీ,” అన్నాడు స్లిమ్, ఓలెటా గడ్డం కింద మెడపట్టీ సర్దుతూ.

“నువ్వు నోరు మూసుకుంటావా, లేదా?” అంది ఓలెటా. మెడ తిరగదు కనుక, మనిషంతా కుర్చీలో అతని వైపు తిరిగి మరీ అంది.

కెండ్రా నవ్వాపుకోవడానికి కాఫీ కప్పు ఎత్తుకుంది. బీమా కంపెనీ తరఫున వచ్చిన మనిషికి నవ్వు కూడదు. కానీ ఈ కెంటకీ పల్లెల్లో కంపెనీ మనిషని కూడా చూడరు, ముందు తిండి, తర్వాతే మాట. ఆమె వచ్చిన పని చెప్పేలోపే స్లిమ్ ఉడికించిన చిక్కుడుగింజలూ, వేడి వేడి మొక్కజొన్న రొట్టే తెచ్చి ముందు పెట్టాడు. ఎప్పుడో సన్నగా ఉన్న రోజుల్లో పెట్టిన పేరు కాబోలు స్లిమ్ అని. ఇప్పుడు పొట్ట బెల్టు మీంచి బయటికి తొంగిచూస్తోంది. ఓలెటాకు ఫోను ఎప్పుడు చేసినా ఎత్తేది అతనే. మందులు, వ్యాయామాలు, డాక్టరు మాటలు అన్నీ అతని నాలుక మీదే ఉంటాయి.

“ఇంకోసారి చెప్తానండీ,” అంది కెండ్రా. “మిమ్మల్ని గుద్దిన థర్మన్ స్ప్రౌల్ గారి బీమా మీ వైద్యానికి సగం కూడా చాలదు. మిగతాది మీ సొంత బీమా నుంచి మా కంపెనీ ఇస్తుంది. ఇచ్చినదాన్ని తర్వాత ఆయన దగ్గర రాబట్టుకుంటుంది.”

“రాబట్టుకోవడమంటే?”

“ఆయనకో ఇల్లుంది, పాత ట్రక్కుంది...”

“అయితే మీ సొమ్ము నాకొద్దు తల్లీ. ఆయన జోలికి పోమని మాటిస్తేనే తీసుకుంటా.”

“విన్నారా?” అన్నాడు స్లిమ్. “తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! మెడకు ఆపరేషను చెయ్యకపోతే ఆ ఎడమచెయ్యి ఇక దక్కదని డాక్టరు మొత్తుకుంటున్నాడు. చర్చిలో పియానో వాయించే చెయ్యమ్మా అది. నిన్న చెంచా కూడా నిలవలేదు అందులో. ఈవిడకేమో గుద్దినవాడి ఇంటి మీద బెంగ!”

“అసలు ఎలా జరిగిందండీ?” అంది కెండ్రా. కాగితాల్లో చదివిందే, అయినా బాధపడ్డవాళ్ళ నోట వినడం ఆమెకు అలవాటు.

జవాబు స్లిమ్ నుంచి వచ్చింది. “రోడ్డు దాటుతున్న తాబేలు కోసం ఈవిడ కారాపింది. వెనకాల ఆ గుడ్డి సన్నాసి, సీటు మీంచి టమాటాల బుట్ట జారుతోందని అటు వంగాడు. టమాటాలు ముఖ్యమా, మనిషి మెడ ముఖ్యమా?”

“తాబేలు బతికింది కదా,” అంది ఓలెటా.

“తాబేలుకేం! మెడ లోపలికి లాక్కోగలదు!”

ఈసారి కెండ్రా నవ్వేసింది. బీమా సొమ్ము దగ్గర మొగుడూ పెళ్ళాలు జుట్టూ జుట్టూ పట్టుకోవడం ఆమె చాలా చూసింది. ఒకరి మీద ఒకరికున్న ప్రేమతో ఇలా తిట్టుకునేవాళ్ళను చూసి ఎన్నాళ్ళయిందో. తన పెళ్ళి ఇంత దూరం వస్తే బాగుండేదనిపించి, ఆ ఆలోచన అక్కడితో ఆపేసింది.

“మీ ఆయన చెప్పేది నిజమే కదండీ. ముక్కూ మొహం తెలియనివాడి కోసం చెయ్యి పోగొట్టుకుంటారా?”

ఓలెటా బుగ్గలు ఎర్రబడ్డాయి. “ఈ వయసులో ఇల్లు పోతే మనిషి ఎక్కడికి పోతాడు తల్లీ? తప్పు చేశాడు, నిజమే. కావాలని చేశాడా?”

“ట్రక్కులో పడుకుంటాడు,” అన్నాడు స్లిమ్.

“ట్రక్కూ పోతుందిగా.”

“పోతే నడుస్తాడు!” అన్నాడు స్లిమ్. “వాడి సంగతి నీకెందుకు? నువ్వు బాగవ్వు. అంతే నాకు కావలసింది.”

ఓలెటా పనిచేసే చేత్తో అతని చొక్కా మీది రొట్టె పొడి దులిపింది. కెండ్రాకు గుండె కరిగింది. కంపెనీ కోసం వచ్చిన మనిషి కాస్తా ఆ క్షణంలో వీళ్ళ మనిషి అయిపోయింది.

“ఒక పని చేస్తాను,” అంది. “స్ప్రౌల్ గారిని వదిలెయ్యమని నేనే మావాళ్ళకు గట్టిగా చెప్తాను. నా మాట వింటారు. కానీ అలా చెప్పాలంటే ఆ మనిషితో ఒక్కసారైనా మాట్లాడాలి. ఆయన ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళినా తాళమే. తెల్లారగానే పోయి చీకటి పడ్డాక వస్తాడట. ఎక్కడికి పోతాడో పక్కింటివాళ్ళకూ తెలియదు. ఇవాళ్టితో గడువు అయిపోతుంది. సాయంత్రంలోగా దొరక్కపోతే మావాళ్ళు కోర్టుకెక్కుతారు. ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు.”

వంటింట్లో పొయ్యి మీద గిన్నె మూత టకటకా కొట్టుకుంటోంది. దాన్ని దించడానికి స్లిమ్ లేవలేదు. తల అడ్డంగా ఊపలేని ఓలెటా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నోరు విప్పనని మాటిచ్చావు,” అంది మెల్లగా.

అతను ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకుని, లేచి నిలబడి, నెత్తి మీది టోపీ తీశాడు.

“స్ప్రౌల్‌ని నేనేనమ్మా.”