నచ్చని పరుపు

“నడుం దగ్గర గడ్డ కట్టింది. మళ్లీ ఏకు” అన్నాడు ముసలాయన.

మున్వర్‌కు ఒళ్లు మండింది. ఒక్క పరుపును విప్పి దూది ఏకడం ఇది మూడోసారి.

ఏన్కూరులో స్పాంజి పరుపుల దుకాణం తెరిచాక అతని దూది పరుపులు అడిగే దిక్కే లేదు. పైగా ఆరేళ్లుగా నడుం నొప్పి. పూటకో గోలీ మింగి మింగి కడుపు పాడైంది. ఇంకా మింగితే కిడ్నీలు పోతాయని డాక్టర్ తేల్చేశాడు. మింగకపోతే దబ్బనం పట్టలేడు, పట్టకపోతే ఇల్లు గడవదు. బతుకు మీదే విసుగొచ్చింది.

సరిగ్గా అప్పుడే దొరికాడు ఈ వెంకటనారాయణ, చాదస్తం మనిషి.

“గడ్డ యాడుంది సార్? చెయ్యి పెట్టి చూడుండ్రి.”

“చేత్తో తెలవదు. నువ్వు పండుకొని చూడు.”

“నేనా?”

“కుట్టినోడికే తెలుస్తది. కండ్లు మూసుకో. మడమలు ఎట్ల ఆనినయ్? నిమ్మళంగ చెప్పు.”

మడమలయ్యాక పిక్కలు. పిక్కలయ్యాక మోకాళ్లు, తొడలు. నడుం దగ్గరికొచ్చేసరికి మున్వర్ పళ్లు బిగబట్టాడు.

“బిగబట్టకు. నొప్పి ఉంటే ఉండనియ్. ఊపిరి ఇడువు. ఎంత బరువు ఆనుతుందో చూసి చెప్పు.”

“పరుపు సంగతి అడుగుతున్నరా, నా సంగతా?”

“పరుపుదే” అన్నాడు ముసలాయన.

రోజూ మధ్యాహ్నం ఇదే తంతు. అరగంట పడుకోవాలి, వంకలు పెట్టించుకోవాలి. వేరే బేరం లేదు కాబట్టి మున్వర్ ఓర్చుకున్నాడు. ఒక్కోరోజు మధ్యలోనే నిద్రపోయేవాడు. లేచేసరికి ముసలాయన వెళ్లిపోయి ఉండేవాడు.

“డబ్బాల గోలీలు గట్లనే ఉన్నయ్. ఏసుకుంటలేరా?” నెల తిరిగేసరికి అడిగింది భార్య షాకేరా.

“యాది మర్చిన.”

నొప్పి పోలేదు. కానీ ఇదివరకటిలా మనిషిని కూలేయడం లేదు. ఎందుకో అతను ఆలోచించనూ లేదు.

తర్వాత వారమంతా ముసలాయన రాలేదు. పీడ పోయిందనుకున్నాడు మున్వర్. ఇక వంకలు వినే ఓపిక లేక, ఇచ్చేసి డబ్బులు తెచ్చుకుందామని పరుపు చుట్టి నెత్తిన పెట్టుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

తలుపు తీసింది కూతురు సుజన. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

“నాన్న పోయి అయిదు రోజులైంది భాయ్.”

మున్వర్ పరుపు దించి గడప పక్కన పెట్టాడు. అంత బరువు నెత్తిన మోస్తూ నాలుగు వీధులు నడిచొచ్చానన్న సంగతి అప్పుడు తెలిసింది.

“సార్ చెప్పిన పరుపమ్మా. నెల దినాలు నన్నే పండవెట్టి చూపిచ్చుకున్నడు.”

“మడమల కాడ్నుంచి అడిగిండా?”

“అవ్. మీకెట్ల తెలుసమ్మా?”

“దవాఖానల నొప్పులోళ్లకు గట్లనే నేర్పేటోడు. రిటైరైనా, నడుం పట్టుకున్నోళ్లు కనిపిస్తే ఊకునేటోడు కాదు. మందు లేకుండ తగ్గుతదంటే ఎవ్వరూ నమ్మరని ఏదో ఒక సాకు పెట్టుకొని పోయేటోడు.”

మున్వర్ కళ్లు నిండాయి. పీడ అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“సార్ మంచమ్మీద పరిచి పోతనమ్మా.”

సుజన పక్కకు తప్పుకుంది. గదిలో మంచం లేదు. గోడకానించి ఒక కుర్చీ, దాని చుట్టూ దిండ్లు ఉన్నాయి.

“లారీ గుద్దినకాడ్నుంచి వెన్ను ఆనిచ్చి పండుకుంటే ఓర్చుకోలేకపోయేటోడు” అంది సుజన, “పదకొండేండ్లు ఆ కుర్చీలనే నిద్రపోయిండు భాయ్.”