కిక్కురుమనని మనిషి

"మా ఆయినకు నొప్పే లేదు సారూ. ముందుగాల ఆ పిలగాన్ని చూడున్రి," అంటూ యాదవ్వ డాక్టరుకు అడ్డం నిలబడింది.

సిద్దిపేట దవాఖానలో కాలిన గాయాలవాళ్ల గది అది. పక్క మంచం మీద హరీశ్, మిర్చి బండి నడిపేవాడు. మరిగే నూనె చేతిమీద ఒలికి నిన్నటి నుంచి ఒకటే అరుపు. అతని తల్లి అంజవ్వ విసురుతూ ఏడుస్తోంది. ఈ మంచం మీద యాదవ్వ భర్త లక్ష్మీరాజం. కోతయ్యాక వరి కొయ్యలకు నిప్పు పెడితే గాలి మళ్లి, మంటల నడుమ చిక్కుకున్నాడు. మెడ నుంచి మోకాళ్ల దాకా కట్లు. అయినా కిక్కురుమనడు.

యాదవ్వకు లోలోపల గర్వంగానే ఉంది. నిన్న కొమురవెల్లి మల్లన్న గుడి పసుపు, బండారి, ఆయన నుదుట పెట్టి, మంట తీసెయ్యి తండ్రీ అని మొక్కింది. తీసేశాడు మరి! ఇంత ఎండల్లో చలి పెడుతోందని దుప్పటి కూడా అడిగాడాయన. కొంగున కట్టుకున్న పసుపులో సగం తీసి అంజవ్వ చేతిలో పోసింది, నీ కొడుక్కూ తగ్గుతుందని.

డాక్టరు హరీశ్ కట్టు విప్పాడు. దూది తగిలితేనే వాడు ఎగిరిపడ్డాడు. డాక్టరు ముఖం తేటపడింది. పైపొరే కాలిందనీ, కొత్త తోలు వస్తుందనీ, రేపు ఇంటికి తీసుకుపొమ్మనీ అంజవ్వతో చెప్పాడు.

యాదవ్వకు ప్రాణం లేచొచ్చింది. అంతలా అరిచేవాడే ఇంటికి పోతుంటే ఇక తమకేం తక్కువ? మంచం కిందున్న సంచి తీసి సర్దడం మొదలుపెట్టింది.

"మమ్ముల గూడ రేపే పంపున్రి సారూ. కావాలంటే ముట్టి చూడున్రి, ఊ అనడు."

డాక్టరు కట్టు కొంచెం తప్పించి సూదితో పొడిచాడు. లక్ష్మీరాజం కదల్లేదు, తాగడానికి నీళ్లు అడిగాడు. యాదవ్వ మురిసిపోతూ అంజవ్వ వైపు చూసింది.

డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, పిల్లలుంటే ఇవాళే రప్పించమన్నాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నొప్పి లేని మనిషికి ఏమవుతుందని అడిగింది.

ఆయన ఆమె ముఖం చూడలేకపోయాడు.

"నొప్పి తెలిసే నరాలు తోల్లనే ఉంటయమ్మా. ఆయనకు తోలే మిగల్లేదు."