మా మనిషి కాదు

ఆసుపత్రి మార్చురీలో గుమాస్తా శవం ముఖం మీది దుప్పటి తొలగించి పక్కకు జరిగాడు.

“బాగా చూసి చెప్పండమ్మా. తొందరేం లేదు.”

ముస్తాబమ్మ చూసింది. గడ్డం నెరిసిపోయింది. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత గాటు మాత్రం అలాగే ఉంది.

“మా మనిషి కాదండీ,” అంది.

“జేబులో చీటీ దొరికింది. అందులో రెండు నంబర్లున్నాయి, ఒకటి మీది.”

“నా నంబరు ఊళ్ళో సగం మంది దగ్గరుంటుంది బాబూ. పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేయడం నా పని.”

అది మటుకు అబద్ధం కాదు. ఆమెకు అసలు పేరు ఒకటుందనే సంగతి చాలామందికి తెలియదు. ముస్తాబమ్మ అంటేనే అందరికీ తెలుస్తుంది.

గుమాస్తా ఒక కాగితం ముందుకు జరిపాడు. “అయితే ఎరగనని రాసి సంతకం పెట్టండి. ఎవరూ రాకపోతే మూడోనాడు మేమే దహనం చేయించేస్తాం.”

“కొరివి ఎవరు పెడతారు?”

“ఇక్కడ కొరివేమిటమ్మా. కరెంటు పొయ్యి, మీట నొక్కడమే.”

సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. రోజూ పెళ్ళికూతుళ్ళ కళ్ళకు కాటుక దిద్దే చెయ్యి అది. వణకడం దానికి అలవాటు లేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

పాడైపోయిన తాళంకప్ప బాగు చేయించుకొస్తానని వెళ్ళిన మొగుడు, పదకొండేళ్ళయినా తిరిగి రాలేదు. నంబరు సంపాదించుకున్నాడు కానీ ఒక్కసారీ ఫోన్ చేయలేదు. ఏం అడ్డొచ్చిందో ఇక అడిగే దారి లేదు.

ఆయన ఇల్లు వదిలి వెళ్ళిన ఏడాది ఏడ్చింది. రెండో ఏడు జడలు వేయడం, కుచ్చిళ్ళు సర్దడం నేర్చుకుంది. పెళ్ళికూతురి నుదుట తొలి బొట్టు ముత్తయిదువ చెయ్యే పెట్టాలని జనం నమ్మకం. “మొగుడు వదిలేశాడటగా,” అని పిలిచేముందు గుసగుసలాడుకునేవారు. “వదిలేస్తేనేం, ఎక్కడో ఒకచోట ఉన్నాడుగా,” అని తామే సర్దిచెప్పుకునేవారు. అలా, ఇంట్లో లేని మనిషి కూడా ఆమెకు అన్నం పెట్టాడు. ఇందాక అవునని తలాడించి ఉంటే, రేపటి నుంచి ఏ గడపా పిలవదు.

అదొక్కటే అయితే ఆమె ఎలాగో నెట్టుకొచ్చేదే. ఇంట్లో అత్తగారున్నారు.

ఆవిడ ముప్పై నిండకముందే భర్తను పోగొట్టుకుంది. అప్పటినుంచి ఎవరింట్లో శుభకార్యమైనా వెనక గదిలోనే. ఒకరు చెప్పక్కర్లేదు, తనే వెళ్ళి కూర్చుంటుంది. కోడలు పనికి బయల్దేరితే ఎదురు రాదు. తలుపు చాటునుంచే “వెళ్ళిరా” అంటుంది. ముస్తాబు పెట్టె కాస్త అందించమన్నా ముట్టుకోదు. “నా చెయ్యి మంచిది కాదే,” అంటుంది.

ఆవిడకి మిగిలిందల్లా ఆ కొడుకు మీద ఆశే. నెలకోసారి వాడి చొక్కాలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి దాస్తుంది. “వచ్చేసరికి ముక్కవాసన కొట్టకూడదుగా.” కర్మ జరగని జీవుడు దాహంతో గాలిలో తిరుగుతాడని ఆవిడ నమ్మకం. ఎవరు పోయారని విన్నా, ముందు కొరివి ఎవరు పెట్టారని అడుగుతుంది. అలాంటి తల్లికి కొడుకు పోయాడని చెప్పడమా? దిక్కులేని శవంలా వదిలేసి వచ్చానని చెప్పడమా?

చెప్పకూడదు. ఈ పాపమేదో తన నెత్తినే ఉండనీ, అనుకుంటూ బస్సు దిగింది.

అత్తగారు పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. తడిజుట్టు వీపు మీద పరుచుకుని ఉంది.

“ఈ వేళప్పుడు తలస్నానమేంటి అత్తయ్యా? జలుబు చేస్తే?”

“ఉక్కగా ఉంది. నువ్వు అన్నం పెట్టుకు తిను.”

“మీరు తిన్నారా?”

“ఆకలి లేదు.”

ఇంకొక్క మాట మాట్లాడితే బయటపడిపోతాననిపించింది ముస్తాబమ్మకి. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కుళాయి పూర్తిగా తిప్పి, తువ్వాలు నోట్లో కుక్కుకుంది. పదకొండేళ్ళు తిట్టిపోసిన మనిషి కోసం ఇంత ఏడుపు ఎక్కడ దాక్కుని ఉందో ఆమెకే తెలియలేదు. చివరికి దోసిలితో నీళ్ళు తీసుకుని నుదుటి బొట్టు కడిగేసింది. ఒక్క పది నిమిషాలైనా దాపరికం లేకుండా ఉండాలనిపించింది.

తలుపు తీసేసరికి ఎదురుగా అత్తగారు. ముస్తాబు పెట్టె మూత తీసి ఉంది. కుంకుమ భరిణె ఆవిడ చేతిలో ఉంది.

“రేపు తెల్లారేసరికి పెళ్ళివారింట్లో ఉండాలన్నావుగా. ఇలా రా.”

“మీరు ముట్టుకోరుగా అత్తయ్యా.”

ఆవిడ కోడలి గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురు వైపు తిప్పింది. ఉంగరపు వేలు కుంకుమలో అద్దింది. బొట్టు కాస్త వంకరగా పడింది.

“కళ్ళలో సబ్బు పడింది, అందుకే…” ముస్తాబమ్మ ఏదో చెప్పబోయింది.

“నాకేం చెప్పకు,” అంది అత్తగారు. “పొద్దున ఆసుపత్రి వాళ్ళు ముందు ఇంటి నంబరుకే ఫోన్ చేశారు, నేనే వెళ్ళి, దుప్పటి తీయించి చూసి, వీడు నా కొడుకు కాదని సంతకం పెట్టొచ్చాను.”