ఘాట్‌లో కాసింవలీ

నిద్రమత్తులో వరసగా ప్రమాదాలు చేసి లైసెన్సు పోగొట్టుకున్న కాసింవలీ ఇన్నాళ్లకు మళ్లీ లారీ ఎక్కాడు. ఈలోగా లారీలు తమంతట తామే నడవడం నేర్చుకున్నాయి. ఘాట్ రోడ్ల మీద మాత్రం మనిషి తోలాల్సిందే.

పక్కన భార్య జరీనా కూర్చుంది. నల్లమల ఘాట్ మొదట్లో లారీ అడిగింది. "కాసింగారూ, స్టీరింగు ఇవ్వనా?"

"ఇప్పుడొద్దు. కళ్లు మూతలు పడతన్నాయి. పక్కన ఆపు, కాసేపు పడుకుంటా."

"ఆలస్యమైతే ఓనరు ఊరుకోరు," అంది లారీ.

"బోల్తా పడితే అసలే ఊరుకోడు."

లేచాక ముఖం కడుక్కుని స్టీరింగు పట్టాడు. ఒక్కో మలుపూ నింపాదిగా తిప్పాడు. ఘాట్ దిగాక, "ఎట్టా తోలాను?" అని జరీనాని అడిగాడు.

తల తిప్పి చూశాడు. వెనకటి రోజుల్లో ప్రతి మలుపుకీ తలుపు గట్టిగా పట్టుకునే మనిషి, సీటుకి తల ఆనించి హాయిగా నిద్రపోతోంది.