ఏడో నంబరు కాలు

"ఈ కాలు బాగుందని సంతకం పెట్టమంటావా మామయ్యా? చచ్చినా పెట్టను."

గుర్రాల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి వేలు పెట్టి చూపించింది. అది ఏడో నంబరు గుర్రప్పిల్ల వెనక కాలు. గోడకి సున్నం పెచ్చు ఊడినట్టు మడమ కీలులో ఎముక అంచు ఊడి తేలుతోంది. ఆ పిల్లకి ఏడాది నిండిందో లేదో.

గుర్రాల ఫారం యజమాని ఆ ఫిల్ము వంక చూడనైనా లేదు. ఆయన ఆమెకి మేనమామ, తండ్రి పోయాక చదివించినవాడు. ఆ సంగతి రోజుకొకసారైనా గుర్తు చేయకపోతే ఆయనకి తిన్నది అరగదు.

"దాని ఒళ్లు చూడవే! ఆ మెడ, ఆ ఛాతీ! ఏడాదికే ఎంత ఎదిగిందో!"

"ఎదగలేదు, నువ్వు ఉబ్బించావు. పాలు మానిన రోజు నుంచీ బకెట్లకి బకెట్లు దాణా కుక్కావు. పైన కండ పెరిగింది, కింద ఎముక ఇంకా పచ్చిదే. పచ్చి గోడ మీద మేడ లేపితే నిలుస్తుందా?"

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నారు. మరి కళ్లున్న గుర్రానికి ఎంత పెట్టాలి?"

తన హాస్యానికి తనే పగలబడి నవ్వాడు. గదంతా పులిసిన దాణా వాసన. కిటికీ బయట ఏడో నంబరు పిల్ల ఆ కాలు నేలకి ఆనీ ఆనకుండా పెట్టి నిలబడింది.

"ఒక్క ఆరు నెలలు ఆగు మామయ్యా. దాణా తగ్గించి గడ్డి మీద ఉంచు. ఆ ముక్క నేను తీసేస్తాను, కాలు బాగుపడుతుంది. ఇప్పుడే పందేలకి అమ్మితే పరుగులో కాలు విరుగుతుంది. మీదున్నవాడి మెడ కూడా విరుగుతుంది." వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు. ఆమె మేనమామ గడ్డం పట్టుకుని బతిమాలింది.

ఆయన ఆ చెయ్యి విదిలించేశాడు. "సాయంత్రం కొనేవాడు వస్తున్నాడు. నీకు కావలసింది మంచి కాలు, అంతేగా? ఏదో ఒక పిల్లకి ఉండకపోదు. దాని ఫిల్ము తీసి ఏడో నంబరు అంటించు. ఫిల్ములో కాలు ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చదివించినందుకు ఈ మాత్రం అక్కరకి రావా?"

ఛీ! ఇదీ ఒక మనిషి మాట్లాడే మాటేనా! ఆమె బయటికెళ్లి కుళాయి దగ్గర నోరు పుక్కిలించింది. అయినా ఆ రోత పోలేదు.

ఎక్స్‌రే మెషీను తీసుకుని షెడ్డులో మిగతా పదకొండు పిల్లల్నీ చూసింది. ఒకదానికి మోకాళ్ల పైన వాపు. ఒకటి నరాలు గుంజుకుపోయి గిట్టల కొసల మీద నిలబడింది. ఇంకో రెండింటికి అదే పెచ్చు. పైకి మాత్రం అన్నీ నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఒక్కదానికీ తిన్నగా ఉన్న కాలు లేదు.

షెడ్డు వెనక కొత్త గోడ కడుతున్న చోట, దాణా మొహం ఎరగని పిల్ల ఒకటి తల్లి వెనకాల ఎండుగడ్డి ఏరుకుంటోంది. ఆమె వంగి దాని కాళ్లు తడిమింది. ఎక్కడా వాపు లేదు. ఫిల్ము తీసింది. ఆ రోజు మొదటిసారి ఆమెకి నవ్వొచ్చింది.

"దొరికిందా?" అన్నాడు మేనమామ.

"దొరికింది. కీలు అద్దంలా ఉంది. సంతకం కొనేవాళ్ల ఎదుటే పెడతాను."

"చూశావా! నా ఫారంలో మంచి కాలు లేకపోవడమేంటి!"

ఏ పిల్లదని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

సాయంత్రం కొనడానికి ముసలి రౌతు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. పందెంలో గుర్రం కాలు విరిగి మీద పడిన రోజు నుంచీ ఆయన కుంటివాడు. ఫిల్మును చాలాసేపు చూశాడు.

"ముప్ఫై ఏళ్లలో ఇంత శుభ్రమైన కీలు చూడలేదు," అని, వంగి ఏడో నంబరు మడమ మీద బొటనవేలితో నొక్కాడు. మొహం మాడిపోయింది. "లోపల నీరు కదులుతోంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. ఇది రౌతు ఎక్కకముందే మూడు కాళ్ల మీద నిలబడిందేంటయ్యా? ఫిల్ములో కాలు దీనిది కాదు. ఈ పిల్లని ఎవరూ పందెంలోకి దింపకుండా రేపే అందరికీ చెబుతాను."

మేనమామ నుదుటికి చెమట పట్టింది. ఆమె సంతకం పెట్టని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

"అయితే ఆ ఫిల్ములో ఉన్న పిల్ల నాకు కావాలి," అన్నాడు ముసలాయన. "ఇక్కడే ఉందా?"

మేనమామకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఎందుకుండదండీ! మా అమ్మాయే నంబరు తప్పు అంటించింది, ఒట్టి మతిమరుపు మొహం! అది మా ఫారంలోకెల్లా మేలుజాతి పిల్ల. నా చేతుల మీద పుట్టింది. దాని తల్లి పరుగు చూసి తీరాల్సిందే. తాతైతే వరసగా మూడు పందేలు గెలిచాడు. రోజూ నేనే దగ్గరుండి దాణా పెడతాను. అమ్మాయ్, నిలబడ్డావేం? తీసుకురా మన బంగారాన్ని!"

ఆమె షెడ్డు వెనక్కి వెళ్లి, తాడు పట్టుకుని తీసుకొచ్చి మేనమామ పక్కనే నిలబెట్టింది.

బంగారం ఒంటి మీది ఇటుక దుమ్ము దులుపుకుని, పొడుగాటి చెవులు రెండూ నిక్కించి, గొంతెత్తి ఓండ్ర పెట్టింది.