మాతృభాష హిందీ

రహమత్‌బీ పేరు వినగానే రామభద్రరావు ఇంకేం అడగలేదు.

"మాతృభాష హిందీ" అన్న వైపు ఆమె పేరు రాసి పడేశాడు.

ఆ రోజు హిందీ దినోత్సవం. సికింద్రాబాద్‌లో ఆయన నడిపే సాహితీ సంఘంలో కవితల పోటీ. హిందీ ఇంటిభాష అయినవాళ్లకి ఒకటి, నేర్చుకున్నవాళ్లకి ఇంకొకటి. రెండింట్లోనూ మొదట నిలిచిన కవితని వచ్చే ఏడు డైలీ క్యాలెండర్‌లో ఒక రోజు కాగితం మీద అచ్చేస్తారు.

ఆ ఒక్క కాగితం కోసమే రహమత్‌బీ ఈ వయసులో యాప్రాల్ నుంచి బస్సులు మారి వచ్చింది. ఇన్నేళ్లూ రాసుకోవడమే గానీ, తన కవితని అచ్చులో ఒక్కసారీ చూసుకోలేదట.

"జెర ఆ రెండో దాంట్ల రాయండి సార్. మాది తెలుగే. ఇంట్ల సుత తెలుగే మాట్లాడతం," అంది.

"ఊరుకోండమ్మా. మీ పేరు చెప్పట్లేదా ఏ భాషో?" అని నవ్వేశాడాయన. ప్రైజు కోసం ఎత్తులేస్తోందనుకున్నాడు, మహా తెలివైనవాడు కదా.

ఆవిడ తన వంతు రాగానే వెళ్లి కవిత చదివింది.

కవిత బాగుందని జడ్జీలందరూ ఒప్పుకున్నారు. కానీ చదివే తీరులో తెలుగు యాస వినిపిస్తోందని, పుట్టుకతో హిందీ వచ్చినవాళ్లు ఇలా పలకరని మార్కులు కోసేశారు. ఆ మాట విన్నాకైనా మన పెద్దమనిషికి లైటు వెలగలేదు.

రహమత్‌బీ కొంగు సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం ముఖ్య అతిథి హరికిషన్ వచ్చాడు. పేరున్న హిందీ కవి. పుట్టి పెరిగింది మోండా మార్కెట్ పక్కనే, ఇప్పుడుండేది ఢిల్లీలో. ఆయన చేత శభాష్ అనిపించుకోవాలని రామభద్రరావు నెల నుంచి కిందామీదా పడుతున్నాడు.

అప్పటికే గెలిచిన కవితలు అచ్చుకి వెళ్లిపోయాయి. టీ తాగుతూ, పొద్దున రహమత్‌బీ అని యాప్రాల్ నుంచి ఒకావిడ వచ్చి, తనది తెలుగంటూ పేచీ పెట్టిందని తమాషాగా చెప్పాడు.

హరికిషన్ నవ్వలేదు. కప్పు కింద పెట్టాడు.

"ఆమె చెప్పింది నిజమే. వాళ్లది తెలుగే," అన్నాడు మెల్లగా.

"మీకెలా తెలుసండీ?" అన్నాడు రామభద్రరావు.

"హిందీ మా ఇంటి భాషనే సార్. కానీ మా ఇంట్ల ఒక్కరికీ అక్షరం రాదు. నాకు చెయ్యి పట్టి హిందీ అక్షరాలు దిద్దించి, కవితంటే ఏందో చెప్పిన టీచర్ ఆమెనే."